పిల్లల పెంపకం: భయం, భక్తి ఒకటేనా? పసివారి మనసు గురించి పరిశోధనలు ఏం చెబుతున్నాయి

పిల్లలు భయభక్తులతో పెరగాలన్నది తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే మాట. ఇందులో భయం, భక్తి అనే రెండు పదాలు ఎంతగా పెనవేసుకుపోయాయంటే, ఒకటి లేకుండా రెండోది ఉండగలదన్న ఊహే చాలామందికి కలగదు. పెద్దలంటే జంకు లేని పిల్లవాడు పెద్దలను గౌరవించడన్నది తరతరాల నమ్మకం. పసిపిల్లల సామాజిక, భావోద్వేగ వికాసంపై గత 6 దశాబ్దాలుగా సాగుతున్న పరిశోధన ఒక రకంగా ఈ నమ్మకాన్నే పరీక్షిస్తూ వచ్చింది. పిల్లలకు కట్టుబాటు అవసరమనీ, ఆ కట్టుబాటు భయం మీద నిలబడితే ఎక్కువ కాలం నిలవదనీ ఆ పరిశోధన చెబుతోంది.

అయితే ఈ విషయాన్ని ఏ వయసు పిల్లలు, ఎలాంటి ఇల్లు, ఏ పరిస్థితులు అన్న విచారణ లేకుండా చెబితే అది తల్లిదండ్రులకు మరో నింద మాత్రమే అవుతుంది. అందువల్ల ఈ సిద్ధాంతం ఎక్కడ పుట్టింది, దక్షిణాసియా కుటుంబాలకు ఎంతవరకు వర్తిస్తుంది అన్నవి వివరంగా చూడవలసి ఉంటుంది.

నాలుగు రకాల పెంపకం

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్‌రిండ్ 1960లలో నర్సరీ బడికి వెళ్లే వందమందికి పైగా పిల్లలను గమనించారు. కొందరు పిల్లలు తోటివారితో కలివిడిగా ఉంటూ, తమను తాము అదుపులో పెట్టుకోగలుగుతున్నారు. కొందరు ముభావంగా, అపనమ్మకంతో ఉంటున్నారు. మరికొందరు అడిగింది దక్కకపోతే ఒక్క క్షణం ఓర్చుకోలేకపోతున్నారు. ఆమె ఈ పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రుల తీరును పరిశీలించి, 1966, 1967లలో ప్రచురించిన వ్యాసాలలో మూడు రకాల పెంపకాలను వివరించారు. 1983లో ఎలినార్ మకోబీ, జాన్ మార్టిన్ ఆ వర్గీకరణను రెండు కొలమానాల మీద నిలబెట్టారు. పిల్లల నుంచి పెద్దలు ఎంత క్రమశిక్షణ ఆశిస్తారన్నది ఒకటి, పిల్లల అవసరాలకు ఎంత ఆప్యాయంగా స్పందిస్తారన్నది రెండోది. ఈ రెండింటి హెచ్చుతగ్గులను కలిపి చూసినప్పుడు నాలుగు రకాలు ఏర్పడ్డాయి.

ఇంగ్లిష్‌లో వీటిలో రెండింటి పేర్లు అథారిటేరియన్, అథారిటేటివ్. వినడానికి కవల పిల్లల్లా ఉండే ఈ రెండు మాటలు ఇంగ్లిష్ పాఠకులనే తికమక పెడతాయి. తెలుగులో మొదటిదాన్ని శాసించే పెంపకమనీ, రెండోదాన్ని నడిపించే పెంపకమనీ అనుకుంటే తేడా స్పష్టమవుతుంది. ఆప్యాయత నిండుగా ఉండి, హద్దులు లేనిది గారాబపు పెంపకం. రెండూ కొరవడినది పట్టించుకోని పెంపకం.

ఒక మామూలు సందర్భం తీసుకుందాం. ఇంటికి వచ్చిన పిన్ని కూతురి చేతిలోంచి మూడేళ్ల బాబు బొమ్మ లాక్కుని, ఆ పాపను నెట్టేశాడు. "తిరిగి ఇస్తావా, రెండు తగిలించనా?" అని తండ్రి గద్దించడం శాసించే పద్ధతి. "చిన్నవాడు, పోనీలెద్దూ, నీకు ఇంకోటి కొనిపెడతాలే" అని ఆ పాపనే సముదాయించడం గారాబపు పద్ధతి. ఫోన్ నుంచి తల ఎత్తకపోవడం నాలుగో పద్ధతి. నడిపించే పెంపకంలో పెద్దవారు కిందకు వంగి, బాబు కళ్లలోకి చూస్తూ, బొమ్మను తీసి పాప చేతికిస్తారు. "నీకూ ఆ బొమ్మ కావాలి నాన్నా, నాకు తెలుసు. కానీ నెట్టకూడదు, చెల్లికి దెబ్బ తగిలింది. చెల్లి ఆడుకున్నాక అడుగుదాం" అంటారు. బాబు ఏడుస్తాడు. ఆ ఏడుపును అడ్డుకోరు, అలాగని ఏడ్చాడు కదా అని బొమ్మనూ ఇవ్వరు.

ఈ నాలుగింటిలో అతి త్వరగా ఫలితం కనిపించేది మొదటి పద్ధతిలోనే అన్న సంగతి దాచవలసిన పనిలేదు. ఒక్క గద్దింపుతో బొమ్మ తిరిగి వస్తుంది, ఇల్లు సద్దుమణుగుతుంది. చివరి పద్ధతికి ఓపిక కావాలి. పైగా అదే పాఠాన్ని పదేపదే చెప్పవలసి ఉంటుంది. మరి ఆ శ్రమ ఎందుకు పడాలన్న ప్రశ్నకు సమాధానం పెద్దలు గదిలో లేనప్పుడు తెలుస్తుంది.

ఎవరూ చూడనప్పుడు

అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాజినా కొహాన్‌స్కా పసిపిల్లలలో అంతరాత్మ ఎలా రూపుదిద్దుకుంటుందన్న విషయంపై దీర్ఘకాలం పరిశోధించారు. ఆమె ప్రయోగాలలో ఒకటి చాలా సాదాగా ఉంటుంది. అందమైన బొమ్మలున్న అలమరను చూపించి, వాటిని ముట్టుకోవద్దని తల్లి చెబుతుంది. తర్వాత కాసేపు గది వదిలి వెళుతుంది. అప్పుడు పిల్లలు ఏం చేస్తారన్నది పరిశోధకులు గమనిస్తారు.

పిల్లల విధేయత రెండు రకాలని ఆమె తేల్చారు. పెద్దలు ఎదుట ఉన్నంతవరకు, వారు గుర్తు చేస్తున్నంతవరకు మాత్రమే సాగేది ఒకటి. తల్లి చెప్పిన మాటను తన మాటగా చేసుకుని, ఒక్కో పిల్లవాడు తనకు తానే వేలు చూపించుకుని "వద్దు, వద్దు" అనుకునేటంత మనఃపూర్వకమైనది రెండోది. తల్లీబిడ్డల మధ్య సంతోషకరమైన, పరస్పర స్పందన ఉన్న అనుబంధం ఉన్న చోట రెండో రకం విధేయత ఎక్కువగా కనిపించింది. తెలుగు మాటల్లో చెప్పుకోవాలంటే మొదటిది భయం, రెండోది భక్తి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పెద్దలు పొరబడతారు.

దీనికి కారణం పసివారి మెదడు ఎదిగే క్రమంలో ఉంది. కోపాన్నీ, ఆత్రాన్నీ నిగ్రహించడానికి తోడ్పడే మెదడు ముందు భాగం యౌవనం వరకు ఎదుగుతూనే ఉంటుంది. రెండు మూడేళ్ల వయసులో ఆ యంత్రాంగం ఇంకా తొలి దశలోనే ఉంటుంది. మారాం చేస్తున్న బిడ్డ మనల్ని సాధించడానికే అలా చేస్తోందని పెద్దలకు అనిపించవచ్చు. కానీ ఎదుటివారి మనసులో తన మనసులో ఉన్నదానికి భిన్నమైన ఆలోచన ఉండగలదన్న సంగతే పిల్లలకు స్పష్టంగా తెలిసేది దాదాపు నాలుగేళ్ల వయసులో. రెండేళ్ల బిడ్డకు పన్నాగం ఆపాదించడం ఆ బిడ్డ తెలివిని అతిగా అంచనా వేయడమే.

తనంతట తాను శాంతించలేని వయసులో బిడ్డ మరొకరి శాంతాన్ని అరువు తెచ్చుకుంటుంది. భుజాన వేసుకుని జోకొట్టే నాయనమ్మ, వీపు నిమిరే తల్లి చేసేది ఇదే. ఇలా వందలసార్లు మరొకరి సాయంతో ఊరట పొందిన బిడ్డ క్రమంగా ఆ పనిని తనంతట తాను చేసుకోవడం నేర్చుకుంటుంది. అదే సమయంలో పెద్దవారు కూడా కేకలు వేస్తే, బిడ్డ గుండెదడ తగ్గడానికి ఆధారమే దొరకదు. ఏడుపు ఆగవచ్చు. కానీ అది శాంతించడం వల్ల కాదు, భయంతో బిగుసుకుపోవడం వల్ల.

ముఖకవళికలకు సైతం పసివారు ఎంతగా స్పందిస్తారో ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం చూపింది. అప్పటిదాకా బిడ్డతో ముద్దుగా ఆడుతున్న తల్లి కొన్ని నిమిషాల పాటు ఏ భావమూ లేకుండా ముఖం బిగించి కూర్చుంటుంది. నెలల వయసున్న బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేరింతలు కొట్టి ఆమెను తిరిగి రప్పించాలని ప్రయత్నిస్తుంది. ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పుకుంటుంది. ఈ ప్రయోగం గురించి విని కొందరు తల్లులు దిగులు పడతారు గానీ, ట్రానిక్ చెప్పిన రెండో సంగతి అంతకన్నా ముఖ్యమైనది. ఎంత మంచి తల్లీబిడ్డల మధ్యనైనా రోజంతా పొంతన కుదరని క్షణాలు ఎన్నో వస్తుంటాయి. తెగిన తీగను మళ్లీ కలుపుకోవడమే బిడ్డకు నమ్మకాన్ని నేర్పుతుంది. విసుక్కున్న తల్లి పది నిమిషాల తర్వాత "అమ్మ గట్టిగా అరిచింది కదూ, భయమేసిందా?" అని దగ్గరకు తీసుకుంటే ఆమె అధికారం ఏమీ తగ్గిపోదు.

భావాలకు పేరు పెట్టడం కూడా ఇందులో భాగమే. పిల్లల కోపతాపాలను గుర్తించి, వాటి గురించి మాట్లాడే తల్లిదండ్రుల పిల్లలు తోటివారితో మెరుగ్గా మెలగగలుగుతారని అమెరికన్ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ బృందం 1990లలో గమనించింది. ఈ విషయంలో తెలుగుకు లోటు లేదు. అలక, కినుక, బెంగ, బెదురు, ఉక్రోషం, మంకు, చిన్నబుచ్చుకోవడం వంటి మాటలన్నీ ఇళ్లలో వాడుకలో ఉన్నవే. ఇంగ్లిష్ మీడియం మోజులో ఈ మాటలు వదిలేసి, పసివారికి 'శాడ్', 'యాంగ్రీ' అనే రెండే పేర్లు నేర్పుతున్న ఇళ్లు కనిపిస్తున్నాయి. బెంగకూ ఉక్రోషానికీ తేడా తెలిసిన బిడ్డకు తన మనసు కొంచెం ఎక్కువగా తెలిసినట్లే.

మన ఇళ్లకు ఈ లెక్క సరిపోతుందా?

బామ్‌రిండ్ పరిశీలించిన కుటుంబాలు ఎక్కువగా శ్వేతజాతి మధ్యతరగతివి. అందువల్ల ఆమె వర్గీకరణను ప్రపంచమంతటికీ అన్వయించడంపై అభ్యంతరాలు వచ్చాయి. వాటిలో బాగా పేరు పొందినది 1994లో రూత్ చావ్ రాసిన వ్యాసం. చైనా సంతతి తల్లిదండ్రులు అమెరికన్ కొలమానాల ప్రకారం కఠినంగా కనిపిస్తారు గానీ, ఆ కఠినత్వంలో బిడ్డ కోసం తమను తాము అర్పించుకునే శ్రద్ధ కూడా కలిసి ఉంటుందని ఆమె వాదించారు. పాలించడం, సంరక్షించడం అనే రెండు అర్థాలూ ఉన్న 'గువాన్' అనే చైనా పదాన్ని ఉదాహరణగా చూపించారు.

ఆ వాదన తెలుగువారికి కొత్తగా అనిపించదు. కోప్పడే తండ్రి రాత్రి బిడ్డ నిద్రపోయాక దుప్పటి సర్దడం, ప్రేమను మాటల్లో చెప్పకుండా ముద్దలు కలిపి పెట్టడంలో చూపడం ఇక్కడి పద్ధతి. పిల్లలు కూడా ఆ సంజ్ఞలను చదువుకోగలరు. కఠినంగా కనిపించే ప్రతి ఇంటినీ ప్రేమలేని ఇల్లుగా లెక్కగట్టడం పొరపాటే.

అయితే ఈ వాదన ఎంత దూరం సాగుతుందన్నదానికి హద్దు ఉంది. మార్టిన్ పిన్‌క్వార్ట్, రుబీనా కౌసర్ 2018లో వివిధ దేశాలకు చెందిన 428 అధ్యయనాలను ఒక చోట చేర్చి విశ్లేషించారు. ప్రాంతాన్ని బట్టి ప్రభావం పరిమాణంలో కొంత తేడా ఉన్నా, నడిపించే పెంపకం అన్ని ప్రాంతాలలోనూ కనీసం ఒక మేలుతోనూ, శాసించే పెంపకం కనీసం ఒక కీడుతోనూ ముడిపడి కనిపించాయి.

దెబ్బల విషయంలో భారతదేశం నుంచే నేరుగా సమాచారం ఉంది. జెనిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం 2005లో చైనా, భారత్, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ దేశాల తల్లులనూ పిల్లలనూ అధ్యయనం చేసింది. దెబ్బలు మామూలే అనుకునే సమాజంలో వాటి దుష్ప్రభావం కొంత తక్కువగా ఉంది. "అందరిళ్లలోనూ కొడతారు, నన్నొక్కడినే కాదు" అని పిల్లలు అర్థం చేసుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. కానీ దుష్ప్రభావం తగ్గిందే తప్ప పోలేదు. ఆ ఆరు దేశాలలోనూ ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లలలో దూకుడు, ఆందోళన ఎక్కువగానే ఉన్నాయి. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో ప్రచురించిన సమీక్ష 5 దశాబ్దాల అధ్యయనాలనూ, లక్షా 60 వేలకు పైగా పిల్లల సమాచారాన్నీ పరిశీలించింది. అరచేత్తో కొట్టడం వంటి 'చిన్న' దెబ్బలను మాత్రమే లెక్కలోకి తీసుకున్నా అవి మంచి ఫలితాలతో ముడిపడి కనిపించలేదు.

మన సంప్రదాయం మాత్రం ఏకకంఠంతో దండననే చెప్పిందా అంటే, అదీ లేదు. సంస్కృత నీతి సాహిత్యంలో తరచూ ఉదహరించే ఒక సూత్రం దండనను సమర్థించినా, తొలి ఐదేళ్లను పూర్తిగా లాలనకే విడిచిపెడుతుంది. మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ 1978లో వెలువడిన 'ది ఇన్నర్ వరల్డ్' గ్రంథంలో ఇదే విషయాన్ని మరో కోణం నుంచి చూశారు. భారతీయ కుటుంబంలో మగబిడ్డ నాలుగైదేళ్ల వరకు తల్లి ఒడిలో అడిగిందల్లా పొందుతూ పెరిగి, ఆ తర్వాత హఠాత్తుగా పురుషుల కఠిన ప్రపంచంలోకి నెట్టబడతాడని ఆయన వివరించారు. ఈ కాలంలో ఆ పాత ఐదేళ్ల గడువు కూడా మిగలలేదు. మూడేళ్లకే నర్సరీ సీటు, నాలుగేళ్లకే హోంవర్కు, పలక మీద అక్షరం వంకర పోతే మొట్టికాయ. సంప్రదాయం పేరు చెప్పి పసివారిని కఠినంగా పెంచేవారు ఆ సంప్రదాయం ఇచ్చిన వెసులుబాటును కూడా లాగేసుకుంటున్నారు.

ఇక ఆధునిక కాలంలో భావనగర్‌లో 1920లో బాలమందిరం నెలకొల్పిన గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా భయం లేని చదువు కోసం జీవితాంతం పాటుపడ్డారు. తెలుగులో చలం 'బిడ్డల శిక్షణ'లో పిల్లలను కొట్టడాన్నీ, భయపెట్టి లొంగదీయడాన్నీ తీవ్రంగా వ్యతిరేకించారు. ఆయన ఇతర అభిప్రాయాలతో ఏకీభవించనివారు కూడా ఈ పుస్తకాన్ని ఆదరించారు. భయం లేని పెంపకం పాశ్చాత్య దిగుమతి అనడానికి వీల్లేదు.

కొట్టకపోయినా

చదువుకున్న కుటుంబాలలో దెబ్బలు తగ్గుతున్నాయి. వాటి స్థానంలోకి ఏం వస్తోందన్నది గమనించాలి. ప్రవర్తనకు హద్దులు పెట్టడం వేరు, మనసును గుప్పిట పట్టడం వేరు అని 1990లలో బ్రయన్ బార్బర్ స్పష్టమైన విభజన చేశారు. తొమ్మిదింటికి నిద్రపోవాలి, రోడ్డు మీద చేయి వదలకూడదు, ఎవరినీ కొట్టకూడదు అన్నవి మొదటి కోవవి. ఇవి పిల్లలకు భద్రతనిస్తాయి. "నువ్వు ఇలా చేస్తే అమ్మ చచ్చిపోతుంది", "నీతో మాట్లాడను పో", "నువ్వు మా పిల్లవాడివే కాదు, నిన్ను సంతలో కొనుక్కొచ్చాం" అన్నవి రెండో కోవవి. వీటిలో ప్రేమనే పందెంగా ఒడ్డుతున్నారు.

మన దగ్గర వీటిలో సగం సరదాగా అనే మాటలే. తమ్ముడు పుట్టగానే "ఇక నీ పని అయిపోయిందిరా" అని చుట్టాలందరూ వరసపెట్టి ఆట పట్టిస్తారు. అప్పటికే గుబులుగా ఉన్న మూడేళ్ల బిడ్డకు అది సరదా అని తెలియదు. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తామనడం, సూది వేయిస్తామని డాక్టరు పేరు చెప్పడం, పోలీసును పిలుస్తామనడం కూడా ఇలాంటివే. నిజంగా తప్పిపోయిన రోజున బిడ్డ ఎవరి దగ్గరకు పరుగెత్తాలో ఆ పోలీసు పేరుతోనే భయపెడుతున్నామన్నది ఆలోచించవలసిన విషయం. నలుగురిలో "సిగ్గు సిగ్గు" అని చప్పట్లు కొట్టడం, పక్కింటి పాపతో పోల్చడం కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. తాను చేసిన పని తప్పు అని తెలుసుకున్న బిడ్డ దాన్ని సరిదిద్దాలని చూస్తుంది. తానే చెడ్డదాన్నని నమ్మిన బిడ్డ దాక్కుంటుంది, లేదా ఎదురు తిరుగుతుంది.

గారాబం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో తండ్రి వద్దన్నది తాతయ్య కొనిస్తాడు, తల్లి దాచిన చాక్లెట్ అమ్మమ్మ కొంగులోంచి వస్తుంది. దీన్ని పెద్ద ప్రమాదంగా చూడనవసరం లేదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రివాజు ఉంటుందని పిల్లలు చాలా త్వరగా నేర్చుకుంటారు. పైగా తల్లికి ఓపిక నశించినప్పుడు ఎత్తుకునే మరో భుజం ఉండటం చిన్న విషయం కాదు. ఇబ్బంది వచ్చేది పెద్దలు బిడ్డ ఎదుటే ఒకరినొకరు తప్పు పట్టినప్పుడు, ఈ పూట వద్దన్నదాన్ని ఏడుపు ఆపడానికి మరో పూట ఇచ్చేసినప్పుడు. చేతికి ఫోన్ ఇచ్చి ఊరుకోబెట్టడం ఆ కోవలోదే. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు చూపవద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఊరుకోబెట్టే పని ఫోన్ చేస్తున్నంతకాలం, శాంతించడం నేర్చుకునే అవకాశం బిడ్డకు తగ్గుతుంది.

ఒకే ఇల్లు, వేర్వేరు పిల్లలు

ఇద్దరు పిల్లలున్న ఏ తల్లినడిగినా ఒకే పెంపకం ఇద్దరి మీదా ఒకేలా పనిచేయదని చెబుతుంది. న్యూయార్క్‌లో 1956లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతులు శైశవం నుంచే పిల్లల స్వభావాలలో తేడాలు ఉంటాయని చూపారు. దాదాపు 40 శాతం మంది సులువుగా సర్దుకునేవారు, 10 శాతం మంది ప్రతిదానికీ తీవ్రంగా స్పందించేవారు, 15 శాతం మంది కొత్తదనానికి నెమ్మదిగా అలవాటు పడేవారు. మిగిలినవారు ఏ ఒక్క కోవలోకీ ఇమడరు. బిడ్డ స్వభావానికీ ఇంటి తీరుకూ పొంతన కుదరడమే కీలకమని వారు భావించారు.

దీనివల్ల ఇంకొక చిక్కు కూడా ఉంది. కఠినమైన పెంపకం బిడ్డను మొండిగా మార్చిందా, మొండి బిడ్డ తల్లిదండ్రులను కఠినంగా మార్చిందా అన్నది చాలా అధ్యయనాలలో విడదీయడం కష్టం. రెండు దిశలలోనూ ప్రభావం ఉంటుందని నేడు శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. పరిశోధన ఫలితాలను పట్టుకుని "పిల్లవాడు ఇలా తయారవడానికి నీ పెంపకమే కారణం" అని ఒక తల్లిని నిలదీయడం శాస్త్రీయం కాదు.

స్వభావాన్ని బట్టి పద్ధతి మారాలన్నదానికి కొహాన్‌స్కా పరిశోధనే మంచి ఉదాహరణ. బెదురు స్వభావం ఉన్న పిల్లలకు మృదువైన మందలింపు సరిపోయింది, అంతకు మించితే పాఠం కంటే భయమే మిగులుతుంది. దేనికీ జంకని పిల్లల మీద అదే మందలింపు పనిచేయలేదు. అలాగని గద్దింపు పెంచడం కూడా మార్గం కాలేదు. వారి విషయంలో ఫలితమిచ్చింది తల్లితో గాఢమైన, ఆనందకరమైన అనుబంధం. "వీడు దెబ్బలకు తప్ప లొంగడు" అని పేరుపడ్డ పిల్లలకే దగ్గరితనం ఎక్కువ అవసరం కావడం చాలామంది అంచనాకు విరుద్ధం.

తీరిక కూడా ఒక వనరు

పెంపకాన్ని తల్లిదండ్రుల ఎంపికగా మాత్రమే చర్చిస్తే చాలా కుటుంబాలు కనుమరుగవుతాయి. ఇటుక బట్టీలోనో, భవన నిర్మాణంలోనో పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన తల్లికి బిడ్డ ఎత్తుకు వంగి మాట్లాడే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? పట్టించుకోని పెంపకంగా కనిపించేది చాలాసార్లు అలసట, అప్పు, ఒంటరితనం. వలస కూలీల పిల్లల కోసం 1969లో మీరా మహదేవన్ ఢిల్లీలో మొబైల్ క్రెషెస్ సంస్థను ప్రారంభించడానికి కారణం ఈ పరిస్థితే. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం నిర్దేశించింది. కానీ దేశంలో అత్యధిక మహిళలు పనిచేసే అసంఘటిత రంగానికి ఆ నిబంధన అందదు.

తల్లి మానసిక ఆరోగ్యం మరింత నిశ్శబ్దమైన సమస్య. కాన్పు తర్వాతి కుంగుబాటును బద్ధకమనో, పొగరనో కొట్టిపారేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాకిస్తాన్‌లోని రావల్పిండి ప్రాంతంలో అతిఫ్ రెహ్మాన్ బృందం గ్రామీణ మహిళా ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి తల్లులతో మాట్లాడించింది. కుంగుబాటు రేటు సగానికి పైగా తగ్గినట్లు 2008లో వెల్లడించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత ఆ పద్ధతిని స్వీకరించింది. సింధ్ రాష్ట్రంలో అలాంటి కార్యకర్తలే తల్లులకు పసివారితో ఆడటం, వారి సంజ్ఞలకు స్పందించడం నేర్పగా పిల్లల వికాసం మెరుగుపడినట్లు 2014 నాటి అధ్యయనం తెలిపింది. ఒడిశా గ్రామాలలో జరిగిన ప్రయోగంలో ఇంటింటికీ వెళ్లి నేర్పినా, తల్లులను గుంపుగా కూర్చోబెట్టి నేర్పినా పిల్లలకు కలిగిన మేలు ఇంచుమించు ఒకటేనని తేలింది. గుంపులకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. దాదాపు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్న దేశానికి ఇది ఉపయోగపడే సమాచారం. మూడేళ్లలోపు పిల్లలతో ఏ నెలలో ఏ ఆట ఆడాలో తెలిపే 'నవచేతన' మార్గదర్శకాన్ని కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2024లో విడుదల చేసింది. అన్నం, గుడ్డు, రిజిస్టర్లతో ఇప్పటికే సతమతమవుతున్న కార్యకర్తకు దీన్ని అమలు చేసే తీరిక ఎలా కల్పిస్తారన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఎక్కడ ఆగుతుంది

బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం-2009లోని 17వ సెక్షన్ నిషేధించింది. సంరక్షకులు పిల్లల పట్ల క్రూరంగా వ్యవహరిస్తే బాల న్యాయ చట్టం-2015లోని 75వ సెక్షన్ కింద శిక్షార్హులు. అయితే ఇంట్లో తల్లిదండ్రులు 'క్రమశిక్షణ' పేరిట వేసే దెబ్బను స్పష్టంగా నిషేధించే చట్టం భారతదేశంలో లేదు. పైగా 12 ఏళ్లలోపు బిడ్డ మేలు కోసం సంరక్షకులు సదుద్దేశంతో చేసే పనులకు భారతీయ శిక్షాస్మృతి 89వ సెక్షన్ ఇచ్చిన రక్షణ, భారతీయ న్యాయ సంహితలోని 27వ సెక్షన్‌లో కొనసాగుతోంది.

ఇంట్లో దండనను కూడా నిషేధించిన తొలి దేశం స్వీడన్. అక్కడ 1979లో చట్టం చేశారు. దక్షిణాసియాలో నేపాల్ 2018లో బాలల చట్టం ద్వారా ఇల్లు, బడి సహా అన్ని చోట్లా దండనను నిషేధించి ముందు నిలిచింది. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలలో ప్రతి 10 మందిలో ఆరుగురు, అంటే దాదాపు 40 కోట్ల మంది, ఇంట్లో దెబ్బలనో మాటల హింసనో క్రమం తప్పకుండా అనుభవిస్తున్నారని యునిసెఫ్ 2024లో అంచనా వేసింది.

ఎప్పుడు సాయం కోరాలి

ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య మారాం, పేచీ, తల్లిని వదలలేకపోవడం సహజం. అవి రోజులో చాలాసేపు కొనసాగుతున్నా, బిడ్డ తనను తాను గాయపరచుకుంటున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఎవరి కళ్లలోకీ చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల వైద్యులను సంప్రదించాలి. ఇవి పెంపకం లోపాల వల్ల వచ్చేవి కాకపోవచ్చు. వినికిడి సమస్య, ఆటిజం వంటివి ఎంత త్వరగా తెలిస్తే సాయం అంత త్వరగా అందుతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు.

కోపాన్ని అదుపు చేసుకోలేకపోతున్నామని భావించే తల్లిదండ్రులు, కాన్పు తర్వాత దిగులు వీడని తల్లులు టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఒక బిడ్డ హింసకు గురవుతున్నట్లు తెలిస్తే చైల్డ్‌లైన్ నంబరు 1098కు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు.